దుప్పటికి ఏ ఇస్త్రీపెట్టె?

విశాఖలో ఉద్యోగం చేస్తున్న మనవరాలు మొన్న పాతపట్నం వచ్చి ఫోను నా ముఖం ముందు పెట్టింది. తెర నిండా ఇస్త్రీపెట్టెలే. "తాతా, డబుల్‌కాట్ దుప్పట్లు ఇస్త్రీ చెయ్యాలి. ఆవిరిది కొనమంటావా, మామూలుదా?"

"ముందు దుప్పటి ఎందుకు నలుగుతుందో చెప్పు," అన్నాను. పాఠం మొదలైందని తెలిసి పక్కనే చతికిలబడింది.

నూలు దారం నిండా సెల్యులోజు గొలుసులు. అవి పక్కపక్కన పడుకుని, చిన్న చిన్న చేతులతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టునే హైడ్రోజన్ బంధం అంటారు. నీరు చొరబడితే ఆ చేతులు పక్క గొలుసును వదిలేసి నీటిని పట్టుకుంటాయి. గొలుసులు అటూ ఇటూ జారతాయి. పిండి మెలిపెట్టిన దుప్పటిని అలాగే ఆరనిచ్చామా, నీరు పోయే వేళకి ఏ గొలుసు ఎక్కడుంటే అక్కడే మళ్లీ పట్టు బిగుస్తుంది. అదే ముడత. ఇస్త్రీ చెయ్యడమంటే ఆ పట్టును తడితో వదిలించి, బరువుతో చదును చేసి, వేడితో నీటిని తరిమెయ్యడం.

మా చిన్నప్పుడు మహేంద్రతనయ నది ఇసుక మీద ఆరేసిన దుప్పట్లు పూర్తిగా ఎండకముందే తీసుకొచ్చి ఇస్త్రీ చేసేవారు. చింతబొగ్గులు నింపిన ఇత్తడి పెట్టె ఆరు కిలోలకు తక్కువుండేది కాదు. అడుగు రెండువందల చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 30 గ్రాముల బరువు. ఇప్పటి కిలో పెట్టె మోపేది ఐదు గ్రాములే! మిగతాది చెయ్యి నొక్కాలి. అందుకే చొక్కాకి హాయిగా ఉండే తేలికపాటి పెట్టె దుప్పటి దగ్గరకొచ్చేసరికి భుజం లాగేస్తుంది.

"అయితే వాట్లు ఎక్కువున్నది కొంటే సరి," అంది.

లెక్క వెయ్యమన్నాను. తొంభై అంగుళాలు, వంద అంగుళాల దుప్పటి ఏడువందల గ్రాములు తూగుతుందనుకుందాం. అందులో పదో వంతు తడి ఉంటే 70 గ్రాముల నీరు. గ్రాము నీరు ఆవిరవడానికి సుమారు 2,260 జూళ్ల వేడి కావాలి. వెయ్యి వాట్ల పెట్టె సెకనుకి వెయ్యి జూళ్లు ఇస్తుంది. అంటే నీటిని తరమడానికే రెండున్నర నిమిషాలు పైన. అదే దుప్పటిని సగం తడితో తెస్తే 350 గ్రాములు, 13 నిమిషాలు! గుడ్డ వేడెక్కడానికీ, గాలిలోకి పోయేదానికీ అదనం. మరీ ఎండిపోతే ముడత కదలదు, మరీ తడిస్తే కరెంటు బిల్లు కదులుతుంది. చేత్తో పట్టుకుంటే చల్లగా తగలాలి, నీరు అంటకూడదు. వాట్ల కంటే ఈ తడి కొలతే నాకు ముఖ్యం.

ఆవిరి పెట్టె ఈ తడిని తానే అందిస్తుంది, మంచిదే. కానీ కఠిన జలం పోస్తే కెటిల్ అడుగున కట్టినట్టే సున్నపు పొర కట్టి రంధ్రాలు మూసుకుపోతాయి. ఒకనాడు దుప్పటి మీద తెల్లటి చుక్కలు రాల్చుతుంది. రెండు కిలోల బరువైన మామూలు పెట్టె, పక్కన నీళ్లు చిమ్మే సీసా ఉంటే నాకు చాలు.

దుప్పటి చీటీ మాత్రం చూడాలి. నా పొందూరు పంచెలాంటి అసలు నూలు సుమారు 200 డిగ్రీల వేడిని ఓర్చుకుంటుంది. పాలిస్టరు కలిస్తే అంత వద్దు. 70, 80 డిగ్రీల దగ్గరే అది మెత్తబడడం మొదలుపెడుతుంది. మీట మధ్యలో ఉంచితే మేలు.

రైల్వే వాళ్ల పెద్ద లాండ్రీల్లో పెట్టెలు తోసే పనే లేదు, దుప్పటి తడిగానే వేడి రోలర్ల మధ్యకెళ్లి చదునుగా బయటికొస్తుంది. మన ఇంట్లో ఆ రోలరు పని మీ నాయనమ్మ పరుపు చేసేదని చెప్పాను. నాలుగు మడతలేసిన దుప్పటిని పరుపు కింద పెట్టేది. అరవై కిలోల మనిషి ఆరువేల చదరపు సెంటీమీటర్ల మీద పడుకుంటే చదరపు సెంటీమీటరుకి పది గ్రాములు. నీ కిలో పెట్టెకి రెట్టింపు! ఒంటి వెచ్చదనం, గాలిలో తేమ కొంత తోడు, రాత్రంతా సమయం.

"అయితే ఇస్త్రీపెట్టె ఎందుకు తాతా?" అంది.

దానికి జవాబు నా దగ్గర సిద్ధంగా లేదు. ఆదివారం బరువైన పెట్టె తెస్తానని ఫోను చేసింది. ఈలోగా నా దుప్పటి పరుపు కిందే ఉంది.