జంట జలాశయాల చుట్టూ ఆగిన ఇళ్లు

అమీర్‌పేట మైత్రీవనం పక్కన స్వర్ణజయంతి భవన సముదాయంలోని హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) కార్యాలయానికి లేఅవుట్ అనుమతుల కోసం వచ్చేవారికి ఏళ్ల తరబడి ఎదురైన పేరు జీవో 111. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కలుషితం కాకుండా 1996 మార్చి 8న జారీ అయిన ఈ ఉత్తర్వు, చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు, అంటే ఎఫ్‌టీఎల్, నుంచి 10 కిలోమీటర్ల వరకు కాలుష్య పరిశ్రమలతో పాటు పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించి, 84 గ్రామాల్లో కొత్త లేఅవుట్ వేస్తే 60 శాతం భూమిని ఖాళీ స్థలానికీ రోడ్లకూ వదలాలని, స్థలం విస్తీర్ణంలో సగానికి మించి అంతస్తుల మొత్తం వైశాల్యం ఉండరాదని నిర్దేశించింది. కాలిఫోర్నియాలో నగరాలు నిర్మాణాలపై విధించే తాత్కాలిక నిషేధానికి తొలి గడువు 45 రోజులు, పొడిగింపులన్నీ కలిపినా రెండేళ్లే; ఇక్కడ మాత్రం గడువనేదే రాయలేదు, వివాదాలు ముదరడానికి అదొక కారణమనిపిస్తుంది.

నగరానికి అందే నీటిలో ఈ జలాశయాల వాటా 1.25 శాతం లోపేనన్న వాదనతో 2022 ఏప్రిల్ 12న జీవో 69 ఆ ఆంక్షలను తొలగించింది. నీటి నాణ్యత దెబ్బతినరాదన్న షరతు మాత్రం అలాగే ఉంచి, దాని మార్గదర్శకాలను ప్రధాన కార్యదర్శి నేతృత్వంలోని కమిటీకి అప్పగించింది.