ఇంటి పాట – శ్రోత విమర్శ

తమిళనాట తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఇంట తెలుగు మాటలాడుచు, బడిలో తెలుగు లిపి నేర్వని పిల్లలు పెక్కురు గలరు. వారికి తెలుగు చెవి ద్వారా వచ్చు భాష. కావున ఇంటిలోనే పాట కట్టి, పాడి, రికార్డు చేసి బంధుమిత్రులకు వినిపించువారు “మాట తెలియుట లేదు” అను విమర్శను తేలికగా తీసికొనరాదు. పాటలో వినబడని మాట ఆ పిల్లలకు లేని మాటయే.

శ్రోత చెప్పునది తన అనుభవమును; కారణమును కాదు. రోగి తలనొప్పి యని చెప్పును, దాని మూలమును వైద్యుడు వెదకవలెను. మాట తెలియకపోవుటకు మూలము రచనలో ఉండవచ్చును, ఉచ్చారణలో ఉండవచ్చును, గదిలో ఉండవచ్చును, గాత్రవాద్యముల మిశ్రణములో ఉండవచ్చును. అది యేదో తేల్చుకొనకుండ యంత్రపు మీటలు త్రిప్పుట వృథాశ్రమ.

మొదట రచనను రాగము లేకుండ చదివి చూడవలెను. హ్రస్వముపై స్వరము సాగినచో “కల” అన్నది “కాల” యగును. అట్టిచోట మాటనైనను, వరుసనైనను మార్చవలసినదే.

పిమ్మట ఉచ్చారణ. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరము. అందుచేతనే ఆ లిపిలో అచ్చైన తెలుగు కృతుల పుస్తకములు పెక్కింట అక్షరముల ప్రక్క చిన్న అంకెలు కానవచ్చును. ఆ అంకెలు లేని ప్రతిని చూచి పాడినవారి నోట “గంగ” “కంగ” కావచ్చును. ఈ దోషమును మిశ్రణము తీర్పజాలదు. సరిగా పలికించి మరల పాడించుటయే మార్గము.

మూడవది గది. శబ్దము సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును. 1.7 మీటర్ల దూరమున బోసిగోడ యున్నచో, గాత్రము దానిని తాకి సుమారు 10 మిల్లీసెకన్లలో మరలివచ్చి అసలు ధ్వనితో కలిసి దానిని మసకబరచును. మైక్రోఫోనును నోటికి దగ్గరగా నుంచి, చుట్టును మందపు దుప్పట్లు వ్రేలాడదీసినచో ఈ దోషము చాలవరకు తగ్గును.

చివరిది మిశ్రణము. హల్లుల స్పష్టతకు ముఖ్యమైన ధ్వనులు చాలవరకు 2000–5000 హెర్ట్జుల నడుమ నుండును. తంత్రీవాద్యముల మీటు, కంజీర గలగల కూడ అక్కడికే చేరి హల్లులను కప్పివేయును. అప్పుడు గాత్రమును పెంచుటకంటె, గాత్రమున్నంతసేపు ఆ మేరలో వాద్యములను తగ్గించుట మేలు. తక్కువ శబ్దముతో విన్నప్పుడు మంద్రధ్వనులు చెవికి మరింత తగ్గి తోచునని 1933లో ఫ్లెచర్, మన్సన్ అనువారు ప్రకటించిరి. కావున పాటను బిగ్గరగాను, మెల్లగాను విని చూడవలెను. పాత ప్రతిని క్రొత్త ప్రతితో పోల్చునప్పుడు రెండింటి బిగ్గరతనము సమముగా నుండవలెను. లేనిచో బిగ్గరగా నున్నదే మేలైనదని భ్రమ కలుగును.

ఇక విమర్శకునకు ప్రత్యుత్తరము. కృతజ్ఞత చెప్పి, “ఏ చరణమున, ఏ మాట? దేనిలో విన్నారు?” అని యడిగిన చాలును. నా యుద్దేశము వేరని వాదించుట నిష్ప్రయోజనము. శ్రోతకు చేరినది ధ్వనియే గాని యుద్దేశము కాదు. ముగ్గురు ఒకేచోట తడబడినచో దోషము పాటలో నున్నదని యెంచవలెను. ఒక్కరికే అట్లు తోచినచో అది వారి అభిరుచియో, వారు విన్న పరికరపు లోపమో కావచ్చును. రాగము మార్చుమను సలహాను వినయముతో విని, వలదనుకొనుటకు పాటకర్తకు హక్కు కలదు. దిద్దునప్పుడు ఒక్కొక్కటిగా దిద్ది, పాత ప్రతిని భద్రపరచుకొనవలెను.

అన్నియు ముగిసిన పిదప, లిపి రాని పిల్లవానికి పాట వినిపించి, మాటలను తిరిగి చెప్పుమనవలెను. వాడు తడుముకొనక చెప్పెనా, పాట చేరవలసిన చోటికి చేరినట్లే.