జానెడు విమానం... బోలెడు కథ

నందివాడ చేపల చెరువుల్లోకి యుద్ధనౌకలు రావు. అయినా ఓడ మీది యుద్ధవిమానం గుట్టు అక్కడి అరుగు మీద కూర్చునే తెలుసుకోవచ్చు. కావలసిందల్లా ఓ ప్లాస్టిక్ కిట్, కాస్త ఓపిక.

గుడివాడ బొమ్మల కొట్లలో ఈ కిట్లు అరుదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. పెట్టె తెరిస్తే బూడిదరంగు చట్రాలు, వాటికి అంటుకుని రెక్కలు, చక్రాలు, పైలట్ సీటు. ఒక్కో ముక్కా కత్తిరించి, గరుకు కాగితంతో రుద్ది, జిగురుతో అతికించి, రంగు వేయాలి.

పెట్టె మీద 1/72 అని ఉంటుంది. ఆరడుగులంటే 72 అంగుళాలు. అంటే ఆరడుగుల పైలట్ ఇందులో అంగుళం ఉంటాడన్నమాట. 1942లో అమెరికా నౌకాదళం శత్రు విమానాలను గుర్తుపట్టడం నేర్పేందుకు ఇదే కొలతలో 5 లక్షల చెక్క నమూనాలు చేసిపెట్టమని బడిపిల్లలనే అడిగింది.

మడిచే రెక్క

1971 డిసెంబరు 4న బంగాళాఖాతంలోని మన విమానవాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్ నుంచి లేచి, నాటి తూర్పు పాకిస్థాన్‌లోని కాక్స్‌బజార్‌పై దాడి చేసినవి సీ హాక్ విమానాలు. రెక్కలు చాస్తే దాదాపు 12 మీటర్లు, మడిస్తే నాలుగే. ఓడలో చోటు అంత పిరం! తోక కింది కొక్కెం డెక్ మీది తీగను పట్టుకుంటేనే విమానం ఆగేది.

సీ హాక్ బొమ్మ తోక మీద కూలబడకుండా ముక్కులో బరువు పెట్టాలి. విసురు వలకు కట్టే సీసపు గుళ్లు రెండు చాలు. పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

కొక్కెం లేని పులి

1983లో మన నౌకాదళంలోకి వచ్చి 2016 దాకా సేవలందించిన సీ హారియర్‌ది వేరే దారి. తెల్లపులి గుర్తున్న 300వ స్క్వాడ్రన్ దీన్ని నడిపింది. కిట్‌లో కొక్కెం వెతికితే దొరకదు, రెక్కలూ మడవవు. బదులుగా పొట్టకు ఇరువైపులా తిరిగే నాలుగు నాజిళ్లుంటాయి. వాటిని కిందికి తిప్పితే విమానం నిలువునా దిగుతుంది. ఇక తీగతో పనేముంది?

పేచీ అంతా చక్రాలతోనే. పెద్దవి పొట్ట కింద ముందూ వెనకా, చిన్నవి రెక్కల కొసల్లో. రెక్క కాస్త పైకి అతికినా కొస చక్రం గాల్లో తేలిపోతుంది. జిగురు ఆరకముందే బల్ల మీద నిలబెట్టి సరిచూసుకోవాలి.

ఇంట్లోనే లెక్క

2022లో దళంలో చేరిన కొత్త విక్రాంత్ మీది మిగ్-29కె రెక్కలు మడుస్తుంది. 2025 ఏప్రిల్‌లో 26 విమానాలకు ఒప్పందం కుదిరిన రఫేల్-ఎం మడవదు. దాని రెక్కల వెడల్పు 10.9 మీటర్లు, 1/72 లెక్కన 15 సెంటీమీటర్లు. మరి విమానాలను డెక్ మీదికి చేర్చే ఓడ లిఫ్టులో పడుతుందా? లిఫ్టు కొలతను 72తో భాగించి, అట్టముక్క కత్తిరించి, బొమ్మను దాని మీద పెట్టి చూడండి. దీనిపై నిపుణుల చర్చలో మీ పిల్లలూ ఓ మాట అనగలరు.