సరుకు వాళ్లది.. డబ్బా మనది!

వాడరేవు ఎండు రొయ్యలైనా, గుంటూరు కారమైనా దుకాణంలో మీ కన్ను ముందు పడేది ప్యాకింగ్ మీదే. ఇంట్లో చిన్న ప్యాకింగ్ యూనిట్ ఉన్నా ‘ఈ డబ్బాల పని నాకెందుకులే’ అనుకుంటున్నారా? అయితే మోల్డ్‌టెక్ ప్యాకేజింగ్ సంగతి చూడండి.

1986 ప్రాంతంలో హైదరాబాద్‌లో మొదలైన సంస్థ ఇది. నడిపిస్తున్నది జె.లక్ష్మణరావు, ఎ.సుబ్రహ్మణ్యం. లక్ష్మణరావు ఐఐఎం బెంగళూరులో చదివారు. తయారుచేసేది పెయింట్లు, ఇంజిన్ ఆయిళ్లకు ప్లాస్టిక్ బకెట్లు. అందులో ఏముంది అంటారా? రెండు కిటుకులున్నాయి.

ఒకటి లేబుల్. దాన్ని బకెట్‌కు తర్వాత అంటించరు. ముందే అచ్చులో పెట్టి, దానిమీద కరిగిన ప్లాస్టిక్ పోస్తారు. ఇక అది ఊడదు, చిరగదు. రెండోది చోటు. ఖాళీ బకెట్లను దూరం పంపడమంటే గాలికి లారీ కిరాయి కట్టడమే! అందుకే ఏషియన్ పెయింట్స్ కోసం మైసూరు, విశాఖల్లోనే ప్లాంట్లు పెట్టారు.

మీరేం చేయొచ్చు?

* చదువుకు: హైదరాబాద్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ కేంద్రం, విజయవాడలో సీపెట్ ఉన్నాయి.
* పెట్టుబడికి: పీఎంఈజీపీ కింద తయారీ యూనిట్లకు రూ.50 లక్షల ప్రాజెక్టు వరకు రాయితీ రుణం వస్తుంది. రాయితీ 15 నుంచి 35 శాతం.
* జాగ్రత్త: 120 మైక్రాన్లకన్నా పలుచని ప్లాస్టిక్ క్యారీ బ్యాగులపై నిషేధముంది. ఆ మెషీన్ చవగ్గా వస్తోందని కొన్నారో.. అప్పు మాత్రమే మిగులుతుంది.

ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టకముందే నలుగురు కొనుగోలుదారులను కలవండి. ‘మీ డబ్బాతో ఇబ్బందేంటి?’ అని అడగండి. మీ వ్యాపారం ఆ జవాబులోనే ఉంటుంది.