నీటికి కట్టిన నివాళి – ఆయి మండపం

ప్రతి రాజ్యానికీ ఒక లాంఛనం ఉండడం అనాదిగా వస్తున్న ఆచారం. విజయనగర ప్రభువుల లాంఛనం వరాహం. పారిస్ నగర చిహ్నంలో అలలపై సాగే నౌక కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ చిహ్నంలో పూర్ణఘటం, తెలంగాణ చిహ్నంలో కాకతీయ తోరణం, చార్మినార్ చోటుచేసుకున్నాయి. పుదుచ్చేరి ప్రభుత్వ చిహ్నంగా నిలిచినది మాత్రం ఒక మంచినీటి పథకానికి స్మారకంగా నిర్మించిన తెల్లని కట్టడం. అదే ఆయి మండపం. గోదావరి తీరంలోని యానాం సైతం పుదుచ్చేరిలో అంతర్భాగమే కనుక ఈ చిహ్నం తెలుగువారికి పరాయిది కాదు.

పట్టణ నడిబొడ్డున భారతి పార్కులో గ్రీకు, రోమను వాస్తు రీతిలో ఈ మండపం వెలసింది. ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియన్ పాలనాకాలంలో (1852–1870) దీనిని నిర్మించారు. సముద్రతీరాన ఉన్న ఆ పట్టణంలో మంచినీటికి కొరత ఏర్పడగా, లామైరెస్ అనే ఇంజనీరు పడమటి దిక్కున ఉన్న ముత్తిరపాళయం నుండి కాలువ ద్వారా నీటిని రప్పించాడు. ఆ జలాశయానికి ఆయి అనే మహిళ పేరు ముడిపడి ఉంది.

ఆమె గురించి ప్రచారంలో ఉన్న గాథ మన శ్రీకృష్ణదేవరాయలతో (1509–1529) ముడిపడినది. ఒక సాయంకాలం ఆ మార్గాన వెళుతున్న రాయలు దీపాలతో వెలుగొందుతున్న భవనాన్ని చూచి, దేవాలయమని భ్రమించి నమస్కరించాడట. అది ఆయి అనే దేవదాసి గృహమని తెలిసి ఆగ్రహించి, కూల్చివేయవలసిందిగా ఆజ్ఞాపించాడట. ఆమె తన ఇంటిని తానే తొలగించి, ఆ స్థలంలో ప్రజల కొరకు చెరువు త్రవ్వించిందని చెబుతారు. ఇది చరిత్ర కాదు, జనశ్రుతి. అయినప్పటికీ, శతాబ్దాల తరువాత ఆ కథ విన్న ఫ్రెంచి చక్రవర్తి ఆమె పేరిట మండపం కట్టించాడని పుదుచ్చేరివాసులు నేటికీ చెప్పుకుంటారు.

ఇంజనీరు దృష్టితో చూచినచో ఇందులో మరొక విశేషం ఉంది. కాలువలో నీరు వాలును బట్టి ప్రవహిస్తుంది. వాలు తక్కువైనచో పూడిక చేరుతుంది. ఎక్కువైనచో గట్లు కోసుకుపోతాయి. కాలువ త్రవ్వకానికి ముందు మట్టాల కొలత సరిగా జరగాలి. ఆ శ్రమ ఎవరి కంటికీ కనబడదు. కుళాయి తిప్పగానే నీరు వచ్చినప్పుడు దానిని తలచుకునేవారు అరుదు. అటువంటి పనికి ఒక స్మారకం లభించడం, ఆ స్మారకమే ప్రభుత్వ చిహ్నం కావడం మన వృత్తికి దక్కిన గౌరవం.

అయితే గౌరవంతోపాటు హెచ్చరిక కూడా ఉంది. భూగర్భజలాన్ని అధికంగా తోడుకోవడం వలన పుదుచ్చేరి తీరప్రాంతంలో ఉప్పునీరు భూమిలోపలికి చొరబడుతున్నది. తీపినీటి పొరల ఒత్తిడి తగ్గిన చోట సముద్రజలం ముందుకు వస్తుంది; ఒకసారి ఉప్పుబారిన పొర తిరిగి బాగుపడడానికి ఏళ్ళు పడుతుంది. కాగితాలపై చెరువు కథను ముద్రించుకున్న ఊరిలో చెరువులు పూడిపోరాదు. మన తీరప్రాంతాలకూ ఇది వర్తిస్తుంది.

పుదుచ్చేరి సందర్శించే మన ఉద్యోగులు, వారి కుటుంబసభ్యులు బీచి చూచి వెనుదిరగక భారతి పార్కుకు కూడా వెళ్ళగలరని, పిల్లలకు మండపంతోపాటు దాని వెనుక ఉన్న నీటి కథను కూడా చెప్పగలరని ఆశిస్తున్నాను.