‘ఇవానోవ్’ – తండ్రి పేరు ఇంటిపేరైన విధము

బల్గేరియాలో అత్యధికముగా వినబడే ఇంటిపేరు ‘ఇవానోవ్’. దీని మూలము బైబిలు పాఠకులకు పరిచితమైనదే. ‘యెహోవా కృప చూపెను’ అను అర్థమిచ్చు ‘యోహానాను’ అనే హెబ్రీ పేరు గ్రీకులో ‘యోవాన్నేస్’ అయినది. అది స్లావు భాషలో ‘యోవాన్’గా, ప్రజల వాడుకలో ‘ఇవాన్’గా మారినది. మన ‘యోహాను’ కూడా ఆ పేరే.

ఇటువంటి బైబిలు పేర్లు బల్గేరియాలో క్రైస్తవ్యముతో పాటు వ్యాపించినవి. 864 ప్రాంతములో పాలకుడైన మొదటి బోరిస్ బాప్తిస్మము పొంది మిఖాయిల్ అను పేరు స్వీకరించాడు. 886లో సిరిల్, మెథోడియస్‌ల శిష్యులైన క్లెమెంట్, నౌమ్ అక్కడికి చేరిన తరువాత స్లావు భాషలో బోధ, గ్రంథరచన వృద్ధి చెందినవి.

ఇక ‘-ఓవ్’ అనునది స్వామ్యమును తెలుపు ప్రత్యయము. ‘ఇవానోవ్’ అనగా ‘ఇవాన్‌కు చెందినవాడు’. ఇది విశేషణము గనుక స్త్రీల విషయములో ‘ఇవానోవా’ అగును. పూర్వము ఇది తరతరానికి మారేది: ఇవాన్ కుమారుడు పేతర్ ‘ఇవానోవ్’ అయితే, పేతర్ కుమారుడు ‘పేత్రోవ్’. కాలక్రమేణా ఇంటిపేరు స్థిరపడినది. నేడు ‘స్తోయాన్ పేత్రోవ్ ఇవానోవ్’ అంటే మొదటిది సొంతపేరు, రెండవది తండ్రి పేరు, మూడవది ఇంటిపేరు.

యోహాను 1:42లో ప్రభువు సీమోనును ‘యోహాను కుమారుడు’ అని సంబోధించడములో ఉన్నదీ ఈ పద్ధతే. అక్కడ తండ్రి పేరును గుర్తించిన తరువాతనే కేఫా అను కొత్త పేరు ఇవ్వబడుచున్నది.

దీనికి పూర్తిగా భిన్నమైన పేరు మార్పు కూడా బల్గేరియా చూచినది. 1984-85 శీతాకాలములో కమ్యూనిస్టు ప్రభుత్వము లక్షలాది తుర్కు ముస్లిములపై బల్గేరియను పేర్లను బలవంతముగా రుద్దినది. తండ్రులిచ్చిన పేర్లు పత్రాలనుండి తొలగించబడినవి. 1989 వేసవిలో మూడు లక్షలకు పైగా ప్రజలు తుర్కియేకు వెళ్లిపోయారు. ఆ ప్రభుత్వాధినేత పతనమైన పిమ్మట, 1990లో పాత పేర్లను తిరిగి పొందుటకు చట్టము వచ్చినది. 2012లో బల్గేరియా పార్లమెంటు ఆ చర్యను ఖండించినది.

కనుక పేర్ల అర్థమును వివరించు బోధకుడు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ పదము ఎక్కడనుండి వచ్చినది? ఈ మనిషికి ఎలా వచ్చినది? మొదటిదానికి నిఘంటువు చాలును. రెండవదానికి ఆ మనిషి చరిత్ర వినవలెను. కృప అను అర్థముగల పేరైనను బలవంతముగా పెట్టబడినయెడల, దానిని మోయువానికి అది కృపగా వినబడదు.