తొట్టి ఇంకా ఖాళీగానే ఉంది
మాల్ వెలుగుల మధ్య పసిపిల్లలకు క్రిస్మస్ అసలు కథ ఎలా చెప్పాలి? ఖర్చు లేని పాత అలవాట్లే తల్లిదండ్రులకు అక్కరకొస్తున్నాయి

డిసెంబరులో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏ పెద్ద మాల్‌లోకి వెళ్లినా దాదాపు ఒకటే దృశ్యం. రెండంతస్తుల ఎత్తున ప్లాస్టిక్ చెట్టు, దాని మీద దూది మంచు, కింద ఖాళీ అట్టపెట్టెలకు చుట్టిన మెరుపు కాగితాలు, క్రిస్మస్ తాతతో ఫొటో కోసం వరుస కట్టిన పిల్లలు. కనిపించనిదల్లా ఎవరి పుట్టినరోజని ఇంత హంగామా చేస్తున్నారో ఆ శిశువు మాత్రమే. క్రిస్మస్ అంటే ఏమిటని నాలుగేళ్ల పాపను అడిగితే ఎర్రటోపీ, బహుమతి అనే చెబుతుంది. తప్పు పాపది కాదు. ఆమెకు చూపించింది అదే మరి.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో క్రైస్తవులు 2.78 కోట్లు, అంటే జనాభాలో 2.3 శాతం. ఈ కుటుంబాల్లో చిన్న పిల్లలున్న తల్లిదండ్రులకు ఏటా ఎదురయ్యే చిక్కు ఇది. బజారుతో పోటీ పడి గెలవడం వారి వల్ల కాదు. పసివాళ్లను కూర్చోబెట్టి దైవం మానవరూపం ధరించడం గురించి ప్రసంగించినా లాభం లేదు, రెండో నిమిషంలో లేచి పరుగెత్తుతారు. అయితే ఆ వయసు పిల్లలకు బాగా అర్థమయ్యేవి కొన్ని ఉన్నాయి. వెలిగించడం, ఎదురుచూడడం, ఖాళీగా ఉన్నదాన్ని నింపడం, ఉన్నదాంట్లోంచి ఇంత తీసి ఇవ్వడం. శతాబ్దాలుగా నిలిచిన క్రిస్మస్ అలవాట్లను కాస్త పరీక్షగా చూస్తే వాటన్నిటిలో ఉన్నవి ఇవే.

నాలుగు కొవ్వొత్తుల సంగతే తీసుకోండి. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను ఆగమన కాలం అంటారు. మొదటి ఆదివారం ఒక కొవ్వొత్తి, రెండో ఆదివారం రెండు, ఇలా నాలుగో వారానికి నాలుగూ వెలుగుతాయి. ఈ ఆచారం ఏదో మఠంలో పుట్టిందనుకుంటే పొరపాటు. జర్మనీలోని హాంబర్గ్‌లో పేద పిల్లల కోసం ఆశ్రమం నడిపిన యోహాన్ హిన్రిచ్ విచెర్న్ అనే ప్రొటెస్టెంట్ బోధకుడు 1839లో మొదలుపెట్టాడు. క్రిస్మస్ ఎప్పుడొస్తుందని పిల్లలు రోజూ ప్రాణం తీస్తుంటే, ఒక పాత బండి చక్రం మీద ఆదివారాలకు పెద్ద కొవ్వొత్తులు, మిగతా రోజులకు చిన్నవి అమర్చి రోజుకొకటి వెలిగించాడని చెబుతారు. అంటే ఇది మొదటి నుంచీ పిల్లల క్యాలెండరే. చర్చిల బలిపీఠాల దగ్గరికి చేరింది ఆ తర్వాతే.

దీనికి దేవదారు కొమ్మలే అక్కర్లేదు. స్టీలు పళ్లెంలో నాలుగు కొవ్వొత్తులు నిలిపి చుట్టూ మామిడాకులు పేర్చినా చాలు. లైట్లు ఆర్పేసి, వెలిగించి, బైబిల్‌లోంచి నాలుగు మాటలు చదివి, ఒక పాట పాడి, చివర్లో ఊదే పని చిన్నవాళ్లకు అప్పగిస్తే మొత్తం ఐదు నిమిషాల పని. ఊదే వంతు నాదంటే నాదని అన్నాచెల్లెళ్లు కొట్టుకోవడం కూడా అందులో భాగమే. కరెంటు పోతే తప్ప కొవ్వొత్తి మొహం చూడని తరానికి ఆ చీకటే ఒక వింత. (అగ్గిపెట్టె మాత్రం పెద్దల చేతిలోనే ఉండాలి.)

రెండోది పశువుల పాక. 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో అస్సీసీ ఫ్రాన్సిస్ ఒక గుహలో గడ్డి పరిచిన తొట్టి పెట్టి, ఎద్దును, గాడిదను తెచ్చి నిలబెట్టాడు. చదువురాని పల్లె జనానికి ఆ రాత్రి కళ్లకు కట్టాలన్నది ఆయన ఉద్దేశం. ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఆ ఉపాయానికి పదును తగ్గలేదు. కేరళలో దీన్ని పుల్కూడు అంటారు, గడ్డి పాక అని అర్థం. గోవాలో వాడవాడనా పిల్లలే వెదురు, గడ్డి, మట్టి పోగుచేసి కడతారు. మన కోస్తా పల్లెల్లో దీనికి సరుకు కొనాల్సిన పనే లేదు. డిసెంబరంటే కోతల కాలం, వరిగడ్డి ఎటు చూసినా ఉంటుంది. పాక ఎలా ఉంటుందో, పశువుల తొట్టి ఎలా వాసన వేస్తుందో అక్కడి పిల్లలకు ఎవరూ వివరించనక్కర్లేదు. అపార్ట్‌మెంట్ పిల్లలకే ఆ చిక్కు.

చాలా కుటుంబాల్లో ఇందులో ఒక చిన్న మెలిక ఉంటుంది. పాక డిసెంబరు మొదట్లోనే సిద్ధమవుతుంది, కానీ తొట్టి ఖాళీగా ఉంటుంది. తమ్ముడికి బొమ్మ ఇచ్చినా, నాయనమ్మకు మంచినీళ్లు తెచ్చినా పిల్లలు ఒక గడ్డిపరక తెచ్చి తొట్టిలో వేస్తారు. 24 రాత్రి ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు బాలయేసు బొమ్మను ఆ గడ్డి మీద పడుకోబెడతారు. చక్కని ఆలోచనే, కానీ ఒక ప్రమాదం ఉంది. ఎవరి గడ్డి ఎంతని లెక్కలు మొదలైతే అది మంచిపనుల బ్యాంకు ఖాతాగా మారుతుంది. ఇచ్చేవాడు అర్హత చూడకుండా ఇచ్చాడన్నదే క్రిస్మస్ కథలోని కీలకం. అల్లరి చేసినందుకు పరకలు వెనక్కి తీసే తల్లిదండ్రులు ఆ కీలకాన్నే తీసేస్తున్నట్టు.

ఇవ్వడం గురించైతే మిజోరం నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. అక్కడి ప్రెస్బిటేరియన్ కుటుంబాల్లో బూఫై థామ్ అనే అలవాటు 1910 నుంచీ ఉంది. పూటపూటా వంటకు బియ్యం తీసినప్పుడు అందులోంచి ఒక గుప్పెడు వేరే డబ్బాలో వేస్తారు. మహిళలు ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం పోగుచేస్తారు. అమ్మగా వచ్చిన డబ్బు చర్చి పనులకు వెళుతుంది. విదేశీ విరాళాల మీద ఆధారపడిన పేద సంఘం క్రమంగా తన కాళ్ల మీద తాను నిలబడడంలో ఈ గుప్పెళ్ల పాత్ర తక్కువది కాదు. ఏమీ లేని ఇల్లు కూడా ఇవ్వగలదన్నది దీని వెనకున్న లెక్క. వండుకోవడానికి బియ్యం ఉంటే, దేవుడి పేరున ఇవ్వడానికీ ఉన్నట్టే. తెలుగు పల్లెల చర్చిల్లోనూ గుప్పెడు బియ్యం ఆచారం ఉంది, పట్నం చేరిన కుటుంబాల్లోనే చాలావరకు మాయమైంది.

మూడేళ్ల పిల్లకు చందా అంటే ఏమిటో తెలియదు. ఆన్‌లైన్‌లో నాన్న పంపిన విరాళం ఆమెకు కనిపించదు. డబ్బాలో పడే బియ్యం చప్పుడు మాత్రం వినిపిస్తుంది. గుప్పెట్లోంచి జారి నేలపాలైనవి ఏరడం ఆటలా ఉంటుంది. నెల తిరిగేసరికి నిండిన డబ్బాను పట్టుకుని అవసరమున్న ఇంటికి అమ్మతో కలిసి నడిచి వెళితే, ఇక విడమరిచి చెప్పాల్సింది పెద్దగా ఏమీ మిగలదు. కేరళ సిరియన్ క్రైస్తవ కుటుంబాల్లో డిసెంబరు 1 నుంచి 25 రోజులు మాంసం, చేపలు మానేసే నోము కూడా ఈ కోవలోదే. పిల్లలను ఉపవాసం ఉంచనక్కర్లేదు కానీ, పెద్దవాళ్లు మానేస్తున్నప్పుడు తామూ చాక్లెట్టో, సాయంత్రం కార్టూనో వదులుకుంటామని వాళ్లే ముందుకొస్తే కాదనడం దేనికి?

పాట విషయంలో తెలుగువారు అదృష్టవంతులు. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి లాంటివారు రాసిన కీర్తనలు ఇప్పటికీ చర్చిల్లో వినిపిస్తాయి. అయినా ఇంగ్లిషు మీడియం పిల్లలు స్కూలు వేదిక మీద జారుడుబండి గంటల పాట తడుముకోకుండా పాడతారు. మంచు ఎన్నడూ చూడకపోయినా సరే. తాతమ్మ పాడిన కీర్తన పల్లవి మాత్రం రాదు. రోజూ రాత్రి పడుకునే ముందు ఒక్క చరణం చొప్పున నేర్పితే డిసెంబరు ముగిసేసరికి రెండు మూడు కీర్తనలు వచ్చేస్తాయి. ఇంటింటికీ తిరిగే క్యారల్ బృందంలో నాన్న భుజం మీద నిద్రపోయిన పిల్లలు కూడా ఆ రాగాన్ని మర్చిపోరు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చికి నూరేళ్లు నిండినా క్రిస్మస్ తెల్లవారుజామున చంకన పిల్లలతో, దుప్పట్లతో జనం రావడం ఆగలేదు. కరువు రోజుల్లో కూలి దొరకని జనానికి పనీ తిండీ ఇవ్వడానికి చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన గుడి అది. పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి క్రిస్మస్ కథ ఏముంటుంది?

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. సింపుల్‌గా చేసుకోండని పట్నంలో కూర్చుని సలహా ఇవ్వడం తేలిక. తెలుగు క్రైస్తవుల్లో అధిక శాతం దళితులు. ఏడాదంతా కూలికెళ్లే తల్లి క్రిస్మస్‌కు పిల్లలకు కొత్తబట్టలు కుట్టించి, ఇంటికి సున్నం వేయించి, వెదురుబద్దలు, రంగు కాగితాలతో చేసిన స్టార్‌ను గుడిసె మీద వేలాడదీసిందంటే అది ఆడంబరం కాదు. ఊరి మధ్యకు రానివ్వని చోట మా ఇంట్లోనూ పండగ ఉందని నలుగురికీ కనిపించేలా చెప్పుకోవడం అది. అప్పుచేసి ఎల్‌ఈడీ తోరణాలు కట్టే మధ్యతరగతికి వర్తించే మాట ఆమెకు వర్తించదు. పశువుల పాకలో బిడ్డను కన్న తల్లి కథ ఆమెకు ఎవరో విడమరచి చెప్పాల్సినంత దూరంలో లేదు.

అసలు డిసెంబరు 25నే ఒప్పుకోని బ్రదరన్ కుటుంబాలు, బొమ్మలు పెట్టడం విగ్రహారాధనే అనే పాస్టర్లు కూడా మన మధ్య ఉన్నారు. ఆ ఇళ్లలో లూకా సువార్త రెండో అధ్యాయం చదువుకోవడమే పండగ. దానికీ లోటేమీ లేదు. క్రిస్మస్ తాతను ఏం చేయాలన్నది మాత్రం అందరికీ ఉన్న తలనొప్పే. అబద్ధం చెప్పడం ఇష్టం లేనివారికి ఒక దారి ఉంది: నాలుగో శతాబ్దంలో ఇప్పటి టర్కీలోని మైరాలో నికోలస్ అనే బిషప్ ఉండేవాడని, పేదలకు రహస్యంగా సాయం చేసేవాడని కథగా చెప్పడం. ఆయన పండగ డిసెంబరు 6న. ఎర్రకోటు తాత ఆ పేరు మీద తర్వాత వచ్చినవాడే.

పళ్లేలు పంచడం గురించి కూడా చెప్పాలి. గోవాలో ఇంట్లో చేసిన పిండివంటలను పళ్లెంలో సర్ది, గుడ్డ కప్పి, హిందూ ఇరుగుపొరుగుకు పంపుతారు. చవితికో దీపావళికో అటునుంచి పళ్లెం తిరిగొస్తుంది. మన వీధుల్లోనూ ఇంతే, కేకు ముక్క పక్కన అరిసె ఉంటుంది. మోసుకెళ్లే పని పిల్లలది. ఇది పైకి కనిపించేంత చిన్న పని కాదు. 2007లో ఒరిస్సాలోని కంధమాల్‌లో క్రిస్మస్ ముందురోజే హింస చెలరేగి చర్చిలు, ఇళ్లు తగలబడ్డాయి. 2008 ఆగస్టులో అది మరింత తీవ్రంగా తిరగబెట్టింది. ఆ ఏడాది అక్కడి ఎంతోమంది పిల్లలకు క్రిస్మస్ సహాయ శిబిరాల్లోనే గడిచింది. పాకిస్థాన్, బంగ్లాదేశ్‌లలో ఈ పండగను పెద్దరోజు అనే పిలుస్తారు. అక్కడి కొద్దిమంది క్రైస్తవులకూ ఇరుగుపొరుగుతో మాటామంతీ ఉండడం ఎంత విలువైనదో తెలుసు.

25 సాయంత్రానికి మాల్‌లో చెట్టుకు న్యూ ఇయర్ బోర్డు వేలాడుతుంది. ఇంట్లో మాత్రం పండగ అయిపోదు. తూర్పుదేశపు జ్ఞానులు ఇంకా చేరుకోలేదు కదా. కొన్ని కుటుంబాల్లో ఆ మూడు బొమ్మలను పాకలో పెట్టరు. గదికి ఆ చివర టీవీ మీదో, బీరువా మీదో ఉంచుతారు. పిల్లలు రోజుకో అడుగు చొప్పున ముందుకు జరుపుతారు. పుస్తకాల అర, కిటికీ గట్టు, కుట్టుమిషన్. జనవరి 6న పాక దగ్గరికి చేరేసరికి ఒంటెకు ఒక కాలు విరిగి ఉంటుంది. దాన్ని గోడకు ఆనించి నిలబెడతారు.